పర్యాటక వీసా: జంషెడ్‌పూర్ నుంచి సొంత ఏర్పాట్లతో విదేశీయానం

తమ దేశాన్ని చూసి వెళ్లడానికి వచ్చే విదేశీయుడికి ఒక దేశం ముందుగా ఇచ్చే అనుమతి పర్యాటక వీసా. వాడుకలో టూరిస్టు వీసా అనీ, విజిటర్ వీసా అనీ అంటారు. ప్యాకేజీ టూరులో వెళ్లేవారికి ఈ పనంతా టూరు నడిపే సంస్థ చేసిపెడుతుంది. టికెట్టు, బస, తిరిగే దారి తానే చూసుకునే ప్రయాణికుడు మాత్రం వీసా ఫైలు కూడా తానే కట్టుకోవాలి. ఝార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో విదేశీ కాన్సులేట్లు లేవు. అక్కడివారికి పాస్‌పోర్టు వ్యవహారం రాంచీతోనూ, వీసా వ్యవహారం ఎక్కువగా కోల్‌కతాతోనూ ముడిపడి ఉంటుంది.

సాక్చి, బిష్టుపూర్, కదమా, సోనారి, గోల్మురి, టెల్కో ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రక్రియలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో మరోలా ఉంటుంది. ఉండేది కంపెనీ క్వార్టర్‌లో, పొలమూ పాత ఇల్లూ ఉండేది శ్రీకాకుళం జిల్లాలోనో విజయనగరం జిల్లాలోనో. ఏ దేశపు అధికారి అయినా తేల్చుకోవాలనుకునేది ప్రధానంగా ఒక్కటే: ఈ మనిషి చూసి తిరిగి వెళతాడా? ఫైలులో పెట్టే ప్రతి కాగితమూ ఆ ప్రశ్నకు జవాబులో ఒక ముక్క.

నేపథ్యం

పాత తెలుగులో పాస్‌పోర్టు వంటి అనుమతి పత్రాన్ని రహదారి చీటీ అనేవారు. ఉత్తరాంధ్ర కూలీలు ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లిన రోజుల్లో వారికి వీసా బెడద లేదు. 1937 ఏప్రిల్ వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అదే ప్రాంతం నుంచి మరికొందరు రైలెక్కి కాళీమాటి వైపు వచ్చారు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సాక్చి గ్రామం దగ్గర కట్టిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. 1919 జనవరిలో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. పని కోసం వచ్చిన తెలుగువారు ఇక్కడే ఉండిపోయారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ స్థిరనివాసానికి గుర్తులు.

స్వతంత్ర భారతదేశంలో చాలాకాలం పాస్‌పోర్టు పౌరుడి హక్కుగా కాక ప్రభుత్వ విచక్షణగా ఉండేది. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు 1967 ఏప్రిల్ 10న ఇచ్చిన తీర్పుతో ఆ స్థితి మారింది. విదేశాలకు వెళ్లడం రాజ్యాంగంలోని 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని ధర్మాసనం 3-2 మెజారిటీతో చెప్పింది. మెజారిటీ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి, రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు కోకా సుబ్బారావు. ఆ తీర్పు ఫలితంగానే అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసు తీర్పు ఈ హక్కును మరింత బలపరిచింది. ఈ రోజు ఏ ఫౌండ్రీ కార్మికుడైనా కౌంటరు ముందు కూర్చుని పాస్‌పోర్టు అడగగలుగుతున్నాడంటే దాని వెనుక ఈ చరిత్ర ఉంది.

పాస్‌పోర్టు

ఝార్ఖండ్ మొత్తం రాంచీ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తుంది. 2017 నుంచి దేశమంతటా పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరవడంతో, జంషెడ్‌పూర్‌లోనే వేలిముద్రలు ఇచ్చి కాగితాలు చూపించే వీలు కలిగింది. ఈ సేవల కంప్యూటరు వ్యవస్థను నిర్మించే పని 2008లో దక్కింది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కే. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి రుసుము 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000. తత్కాల్‌కు మరో 2,000 చెల్లించాలి. పుస్తకం పదేళ్లు చెల్లుతుంది. పోలీసు విచారణ స్థానిక ఠాణా నుంచి జరుగుతుంది.

పాత కాగితాల్లో పుట్టిన చోటు దగ్గర జాగ్రత్త అవసరం. సింగ్‌భూమ్ జిల్లా 1990లో రెండుగా విడిపోయింది. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ ఏర్పడింది. అందుకే నడివయసు వారి పాఠశాల సర్టిఫికెట్లలో రాష్ట్రం బీహార్ అనీ, జిల్లా సింగ్‌భూమ్ అనీ ఉంటుంది. అది తప్పు కాదు. వీసా ఫారం నింపేటప్పుడు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయాలి.

పదో తరగతి పాస్ కాని పెద్దవారిలో కొందరి పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన, విభాగంలోకి వస్తుంది. కొన్ని దేశాలకు పని కోసం వెళ్లేవారిని మోసాల నుంచి కాపాడటానికి 1983 నాటి వలసల చట్టం కింద పెట్టిన ఏర్పాటు ఇది. చూసి రావడానికి వెళ్లే తల్లిదండ్రులకు ఇది అడ్డంకి కాదు. వీసా, రానుపోను టికెట్టు చేతిలో ఉంటే చాలు.

పేరు చిక్కు

తెలుగువారి ఫైళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. అప్పారావు అనే పేరునే తీసుకుందాం. ఊళ్లో అది ఒకే మాట. ముందు ఇంటిపేరు ఉంటుంది. హిందీ మాట్లాడే గుమాస్తా చివరి ముక్కను కులనామం అనుకుని ‘అప్పా’ పేరుగా, ‘రావు’ ఇంటిపేరుగా రాస్తాడు. కంపెనీ గేటు పాసులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. పాన్ కార్డులో ఆ అక్షరం విడి ఇంటిపేరుగా మారుతుంది. కొడుకు పదో తరగతి సర్టిఫికెట్లో పేరు చివర రావు చేరుతుంది, అసలు ఇంటిపేరు మాయమవుతుంది. మూడు తరాలు గడిచేసరికి ఒకే కుటుంబంలో నలుగురికి నాలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి.

వీసా ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇబ్బంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిటర్ వీసా ఇవ్వబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో నిబంధన తెచ్చింది. అమెరికా వీసాల్లో అలాంటి వారికి పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అనే అక్షరాలు పడతాయి. మందు ఒకటే: పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఇంటిపేరును పూర్తిగా విడదీసి, ఇంటిపేరు గడిలో రాయించుకోవాలి. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా దాని ప్రకారం సరిచేయించుకోవాలి. ఇప్పటికే తేడా ఉంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చెప్పే అఫిడవిట్టు ఫైలులో పెట్టాలి.

అనుమతుల రకాలు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి దేశాలు నాలుగు రకాలు. మొదటి రకానికి వీసాయే అక్కరలేదు. నేపాల్‌కు పాస్‌పోర్టు లేకున్నా ఓటరు కార్డుతో వెళ్లవచ్చు. భూటాన్‌కు కూడా ఈ రెండింటిలో ఏదో ఒకటి చాలు గానీ, ప్రవేశ పర్మిట్ తీసుకుని రాత్రికి 1,200 రూపాయల సుస్థిరాభివృద్ధి రుసుము కట్టాలి. మారిషస్ ఎప్పటినుంచో భారతీయులకు తలుపు తెరిచే ఉంచింది. థాయ్‌లాండ్ 2023 నవంబరులో వీసా ఎత్తేసి, 2024 జూలైలో గడువును 60 రోజులకు పెంచింది. మలేసియా 2023 డిసెంబరు నుంచి 30 రోజులు అనుమతించింది. ఇలాంటి సడలింపులు ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి టికెట్టు కొనే రోజున ఆ దేశపు అధికారిక ప్రకటన చూసుకోవాలి.

రెండో రకం, దిగాక ఇచ్చేది. ఇండోనేసియా 30 రోజులకు 5 లక్షల రుపయ్యాలు తీసుకుంటుంది. మూడో రకం, ఇంట్లో కూర్చుని తెప్పించుకునే ఈ-వీసా. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజులకు ఇస్తోంది. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లకు 50. శ్రీలంక కూడా ఆన్‌లైన్ అనుమతి పద్ధతిలోనే నడుస్తుంది. నాలుగో రకంలో ముందుగా పూర్తిస్థాయి దరఖాస్తు చేసి, ఆర్థిక స్థితి చూపి, చాలాచోట్ల వేలిముద్రలు కూడా ఇవ్వాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, యూరప్‌లోని షెంజెన్ ఒప్పంద దేశాలు ఇందులోకి వస్తాయి.

మొదటిసారి సొంతంగా వెళ్లేవారు మొదటి మూడు రకాల్లో ఒక దేశంతో మొదలుపెట్టడం మేలు. ఖర్చు తక్కువ, తప్పు జరిగినా నష్టం తక్కువ. పాస్‌పోర్టులో ఒక రాకపోక నమోదవుతుంది.

కోల్‌కతా ప్రయాణం

తూర్పు భారతానికి వీసా నగరం కోల్‌కతా. అమెరికా కాన్సులేట్ జనరల్ హోచిమిన్ సరణిలో ఉంది. ఒకప్పుడు హారింగ్టన్ స్ట్రీట్ అని పిలిచిన వీధి అది. ఝార్ఖండ్ ఆ కాన్సులేట్ పరిధిలోదే. బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్, జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్, థాయ్‌లాండ్ తదితర దేశాల కాన్సులేట్లు కూడా ఆ నగరంలో ఉన్నాయి. కాగితాలు, వేలిముద్రలు తీసుకునే పనిని చాలా దేశాలు వీఎఫ్‌ఎస్ గ్లోబల్ వంటి సంస్థలకు అప్పగించాయి. ఆ సంస్థలది సేకరించి పంపే పని మాత్రమే. ఇవ్వాలా వద్దా అన్నది అధికారి తేలుస్తాడు.

టాటానగర్ నుంచి హౌరాకు రైలు దారి సుమారు 250 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరే స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ మీదుగా మధ్యాహ్నానికి ముందే హౌరా చేరుతుంది, సాయంత్రం తిరిగి బయలుదేరుతుంది. అపాయింట్‌మెంట్ మధ్యాహ్నం దొరికితే ఒకే రోజులో పని ముగించుకోవచ్చు. ఉదయం తొమ్మిదికి దొరికితే మాత్రం ముందు రోజే వెళ్లాలి. ఆ రైలును నమ్ముకుని ఉదయపు అపాయింట్‌మెంట్ తీసుకోకూడదు.

అమెరికా వీసాకు భారతదేశంలో ఏ కాన్సులేట్‌లోనైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంగ్లిషు, హిందీ సరిగా రాని పెద్దవాళ్లను కొందరు హైదరాబాదు తీసుకువెళతారు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారిన ఆ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడే వీలుంటుంది. తన భాషలో జవాబు చెప్పే తల్లి ముఖంలో బెదురు ఉండదు.

ఫైలు

సొంతంగా వెళ్లే ప్రయాణికుడి ఫైలులో సాధారణంగా ఉండేవి ఇవి: ఎందుకు, ఎక్కడికి, ఎన్నాళ్లు, ఎవరి ఖర్చుతో అని చెప్పే కవరింగ్ లెటరు, రోజువారీ ప్రయాణ పట్టిక, బస బుకింగు, రానుపోను విమాన రిజర్వేషన్, మూడు నుంచి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఆదాయపు పన్ను రిటర్నులు, జీతం చీటీలు, కంపెనీ ఇచ్చే సెలవు మంజూరు పత్రం. హిందీలోనో తెలుగులోనో ఉన్న కాగితాలకు ఇంగ్లిషు అనువాదం జతచేయాలి.

జంషెడ్‌పూర్ వాసికి వచ్చే సందేహం ఆస్తి గురించి. ఊరిలో చాలా భాగం కంపెనీ లీజు భూమి. ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి కూడా క్వార్టర్ తన పేరున ఉండదు. సొంత ఇంటి దస్తావేజు లేదని బెంగపడనక్కరలేదు. తిరిగి వస్తారని చూపే మూలాలంటే ఆస్తి ఒక్కటే కాదు. ఇన్నేళ్ల సర్వీసు ఉందని కంపెనీ ఇచ్చే పత్రం, భవిష్యనిధి ఖాతా, క్వార్టర్ కేటాయింపు ఉత్తరం, బడిలో చదువుతున్న పిల్లలు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండాల్సిన తల్లిదండ్రులు, ఇవన్నీ మూలాలే. ఆముదాలవలస దగ్గరో బొబ్బిలి దగ్గరో ఉమ్మడి పొలం ఉంటే పట్టాదారు పాసుపుస్తకం నకలు, అనువాదంతో పెట్టవచ్చు.

బ్యాంకు స్టేట్‌మెంట్‌ను అధికారి ఎలా చదువుతాడో చూద్దాం. ప్రతి నెలా ఒకే సమయానికి జీతం పడుతోంది. కరెంటు బిల్లు, బడి ఫీజు, కిరాణా పోతున్నాయి. నెలాఖరుకు కొంత మిగులుతోంది. ఆరు నెలల్లో నిల్వ నెమ్మదిగా పెరిగింది. ఈ కాగితం నమ్మకం కలిగిస్తుంది. ఇంకో దానిలో నిల్వ ఎప్పుడూ ఎనిమిది వేలు దాటలేదు. దరఖాస్తుకు వారం ముందు మూడు లక్షలు ఒక్కసారిగా పడ్డాయి. ఎవరిదో డబ్బు చూపించడానికి వేయించుకున్నారని అధికారికి అనుమానం వస్తుంది. రిటైరైనవారికి గ్రాట్యుటీ, భవిష్యనిధి నిజంగానే ఒక్కసారి పడతాయి. అప్పుడు కంపెనీ ఇచ్చిన చెల్లింపు పత్రాన్ని స్టేట్‌మెంట్ వెనకే పెట్టి, కవరింగ్ లెటరులో ఒక వాక్యం రాయాలి. అడగకముందే చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

షెంజెన్ వీసా

లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే చిన్న ఊరి పేరు మీద 1985లో కుదిరిన ఒప్పందం ఇప్పుడు 29 దేశాలకు విస్తరించింది. ఒక్క వీసాతో ఇవన్నీ తిరగవచ్చు. ఏ 180 రోజుల్లోనైనా మొత్తం 90 రోజులకు మించకూడదు. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి. అన్నిచోట్లా సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి చేయాలి. అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుందని వెళ్లని దేశానికి దరఖాస్తు పెట్టడం తప్పు.

రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45. సేవా కేంద్రం రుసుము వేరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలలు చెల్లాలి. ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల్లోపు దరఖాస్తులకు సాధారణంగా మళ్లీ అడగరు.

అమెరికా వీసా

ఇక్కడ ఫైలు కంటే ఫారం, ఇంటర్వ్యూ ముఖ్యం. డీఎస్-160 అనే ఆన్‌లైన్ ఫారం నింపి, రుసుము కట్టి, ముందు వేలిముద్రలకు, తరువాత ఇంటర్వ్యూకు వెళ్లాలి. 2023 జూన్‌లో ఈ రుసుమును 160 నుంచి 185 డాలర్లకు పెంచారు. ఫోటో రెండంగుళాల చదరం. ఇంటర్వ్యూ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. అధికారి ఒక్క కాగితమూ అడగకపోవచ్చు.

అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షను ప్రకారం, పర్యాటక వీసా అడిగే ప్రతివాడూ అక్కడే ఉండిపోయేవాడన్న ఊహతోనే అధికారి మొదలుపెట్టాలి. కాదని చూపించే బాధ్యత దరఖాస్తుదారుది. పని వెతుక్కుంటూ వచ్చి తిరిగి వెళ్లకుండా ఉండిపోయినవారి మనవలకు ఈ ఊహ గట్టిగానే తగులుతుంది. కోపం తెచ్చుకోకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మార్గం. కొడుకు అక్కడ ఉంటే ఉన్నాడనే చెప్పాలి. దాచి దొరికిపోతే ఆ తరువాత ఏం చెప్పినా నమ్మరు.

భారతీయులకు సాధారణంగా పదేళ్ల వీసా ఇస్తారు. అంటే పదేళ్లు అక్కడ ఉండవచ్చని కాదు. ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండాలో దిగిన చోట అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు. వీసా తలుపు దాకా తీసుకువెళుతుంది. లోపలికి రానిచ్చేది ఆ తలుపు దగ్గరున్న అధికారి. ఇది అన్ని దేశాలకూ వర్తిస్తుంది.

డబ్బు

రిజర్వు బ్యాంకు 2004లో తెచ్చిన సరళీకృత చెల్లింపుల పథకం కింద, ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, ఖర్చు చేయవచ్చు. సాధారణంగా నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే తీసుకువెళ్లాలి. మిగిలింది ఫారెక్స్ కార్డులో వేసుకోవచ్చు. విదేశీ టూరు ప్యాకేజీ కొంటే మూలంలోనే పన్ను వసూలు చేస్తారు. విమానం టికెట్టు ఒక్కటే, హోటల్ ఒక్కటే విడిగా కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు. సొంతంగా ఏర్పాట్లు చేసుకునేవారికి ఇదొక వెసులుబాటు.

తిరస్కరణ, మోసాలు

వీసా రాకపోవడం నేరం కాదు, అవమానమూ కాదు. షెంజెన్ దేశాలు కారణాలకు గుర్తు పెట్టిన ఫారం ఇస్తాయి. అప్పీలుకు అవకాశం ఉంటుంది. అమెరికా 214(బి) తిరస్కరణపై అప్పీలు లేదు గానీ, పరిస్థితి మారినప్పుడు మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. కారణం సరిచేయకుండా అదే ఫైలు మళ్లీ పెడితే రుసుము దండగ. తరువాతి ఫారాల్లో ‘మీకెప్పుడైనా వీసా నిరాకరించారా’ అన్న ప్రశ్నకు అవునని రాయాలి.

దొంగ కాగితాలు పెడితే శిక్ష పెద్దది. బ్రిటన్ పదేళ్ల వరకు దరఖాస్తులు తోసిపుచ్చవచ్చు. అమెరికా జీవితాంతం నిషేధించవచ్చు. దొంగ జీతం చీటీ తయారుచేసిన ఏజెంటు దుకాణం మూసి ఇంకో పేటలో తెరుస్తాడు. నిషేధం మాత్రం దరఖాస్తుదారు పాస్‌పోర్టు వెంటే ఉంటుంది. ఏజెంటు ఫారం నింపడంలో సాయం చేయవచ్చు. గ్యారంటీగా వీసా ఇప్పిస్తానంటే ఆ మాటతోనే అతన్ని వదిలేయాలి. ఎవరు నింపినా, పంపే ముందు ప్రతి గడీ స్వయంగా చదువుకోవాలి.

పాత పాస్‌పోర్టు విలువ

గడువు తీరిన పాస్‌పోర్టును చాలామంది బీరువా అడుగున పడేస్తారు, కొందరు పోగొట్టుకుంటారు. తరువాతి దరఖాస్తుకు దాన్ని మించిన సాక్ష్యం లేదు. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల వీసా, ఆ తరువాత ఐదేళ్ల వీసా ఇచ్చే పద్ధతిని యూరోపియన్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. గడువులోపు తిరిగి వచ్చినవాడికి దారి వెడల్పవుతుందన్నమాట. కోల్‌కతా విమానాశ్రయంలో భారత అధికారి వేసే రాక ముద్ర అరచేతిలో సగం కూడా ఉండదు. తిరిగి వెళతావా అన్న ప్రశ్నకు, వెళ్లానని ఆ ముద్రే జవాబు చెబుతుంది. రాత్రి రైలు దిగి కదమా ఇంటికి చేరిన ప్రయాణికుడు, సూటుకేసు విప్పకముందే ఆ పుస్తకాన్ని భద్రంగా దాచుకోవాలి.